తెల్లమెడ కాకి

నైలు ఒడ్డున ఉన్న జుబాలో దిగిన రోజు ఎర్రటి దుమ్ము. విమానం మెట్లు దిగేసరికే చొక్కా వీపుకు అంటుకుంది. నీలం హెల్మెట్, దోమతెర ఇచ్చి టెంటు చూపించారు. శాంతిదళం డ్యూటీ, ఏడాది. తెల్లవారితే కాపలా, పొద్దుగూకితే ఇంటికి ఫోను.

మాది గౌడవెల్లి. నేను బయల్దేరిన రోజు, బస్సు తప్పిపోతుందని మా అన్న తెల్ల బనీను మీదనే బైకు తీశాడు. "జర అంగీ ఏస్కో, నలుగురు జూస్తే ఏమనుకుంటరు" అంటూ వదిన అంగీ పట్టుకుని వాకిలి దాకా ఉరికింది. అన్న వింటేనా! మేడ్చల్‌లో నన్ను దింపి, "నైలు నది జూస్తవట గదరా, నాగ్గూడ జూపియ్యి" అన్నాడు.

రెండో నెలలో అన్న పోయాడు. హైవే మీద లారీ గుద్దింది. మాకు విమానం వారానికి ఒక్కటే, అది ముందురోజే వెళ్లిపోయింది. అన్న ముఖం నేను చూడకుండానే అగ్గిపెట్టారు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

మూడోనాడు వదిన ఫోను చేసింది. "పిట్టకు పెట్టినం. మధ్యాన్నం దాంక కూసున్నం. కాకి ముట్టలే. నీ మీదనే పాణం గొట్టుకుంటాందని అంటున్నరు."

పోయినవాళ్ల మనసులో కోరిక మిగిలితే కాకి మెతుకు ముట్టదని మావాళ్ల నమ్మకం. అవన్నీ కాకమ్మ కథలని అన్నతో కలిసి నవ్వినవాణ్ణే నేను. విల్లాలు లేచాక ఊళ్లో కాకులే తగ్గాయి. ఆ మాట వదినకు చెప్పి ఏం లాభం? ఆ రాత్రి నిద్రపోలేదు.

మర్నాడు ఆదివారం. ఎండ ముదరకముందే వంతులవారీగా కొందరికి ఊరు చూపించడం మా దళంలో రివాజు. ఆ వారం నా వంతు. నేను రానన్నాను. జీపు డ్రైవర్‌ది మా ఊరివైపు అలియాబాద్, వరస లేకున్నా నన్ను తమ్మీ అనేవాడు. కాకి ముట్టలేదన్న సంగతి అతనికొక్కడికే చెప్పాను. "పా తమ్మీ. నది కాడ పిట్టలుంటయి" అన్నాడు. సీటు కింద టిఫిన్ డబ్బా ఉంది. వంటవాణ్ణి బతిమాలి కోడికూర, అన్నం తెచ్చాడు.

ఐదున్నరకు గేటు దాటాం. మామిడిచెట్ల కింద టీ కాస్తున్న ఆడవాళ్లు. చెత్తకుప్పల మీద బట్టతల కొంగలు. నైలు మట్టిరంగులో, వానాకాలం షామీర్‌పేట చెరువు అలుగు పారినట్టు పోతోంది. మిగతావాళ్లు ఫోటోలు దిగుతుంటే మేమిద్దరం ఒడ్డు వెంట నడిచి, డబ్బా మూతలో అన్నం, కోడికూర పెట్టి వెనక్కి జరిగాం.

ఒక పిట్ట వచ్చి గజం దూరంలో ఆగింది. ఒళ్లు నలుపు. మెడ, రొమ్ము తెలుపు.

"గిది కాకేనా?" అన్నాను.

"అరుపు కాకిదే. మాట ఇయ్యి తమ్మీ, ఉత్తగ ముట్టది."

నేను హెల్మెట్ తీశాను. "అన్నా, గిదే నైలు. జూసినవ్ గదా. మన రోడ్డు మీది ఎకురం విల్లాలోళ్లకు అమ్మనియ్య, అది నీ పోరగాండ్లదే. వదినెకు నేనున్న. తిను."

రేడియోలో ఆఫీసరు గొంతు గరగరమంది. "ఏం చూస్తున్నారు?"

"పక్షిని సర్" అన్నాడు డ్రైవర్.

అది కోడిముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అప్పుడు ఏడ్చాను. డ్రైవర్ నా హెల్మెట్ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

ఏడాదికి ఇల్లు చేరాను. మా ఎకరం చుట్టూ ప్రహరీలు లేచాయి. అందులో వదిన ఇంకా మక్కజొన్న వేస్తోంది. కాకి ముట్టిందని ఫోనులోనే చెప్పాను గానీ, ఆ సాయంత్రం మళ్లీ అడిగింది.

"గాడ కాకులెట్లుంటయి?"

"నల్లగనే వదినె. మెడ కాడ, రొమ్ము కాడ తెల్లగుంటది."

వదిన గోడకు వేలాడుతున్న అన్న అంగీ వైపు చూసింది.

"గక్కడికి గూడ అంగీ ఏస్కోకుండనే వొచ్చిండా?"