గున్నమ్మకు కుదిరిన రక్తం

చోడవరంలో పెళ్లిసంబంధాలు కుదిర్చే గున్నమ్మకు ఒక ఊతమాట ఉంది. పిల్లవాడికి కోపం ఎక్కువట అని ఏ తల్లయినా నసిగితే, "పూర్తిగా కలిసే జంట గుళ్లోనే ఉంటాదే. మనకి తక్కువ గొడవ పడేదే మంచి సంబంధం" అంటుంది. ఆ మాట మీదే కె.కోటపాడు నుంచి మాడుగుల దాకా ఎన్నో పెళ్లిపందిళ్లు లేచాయి.

మొన్న వానాకాలంలో ఆమె కళ్లు పచ్చబడ్డాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. కామెర్లే అనుకుని, భర్త తవిటయ్య రావికమతం తీసుకెళ్లి పసరు పోయించాడు. ఉప్పు లేని పథ్యం పెట్టాడు.

"ఉప్పు లేని నీ మొకం సూస్తన్నాను, సాలదేటి? కూడు కూడానా?" అంది గున్నమ్మ. ఇంకో తిట్టు అందుకోబోతే ఆయాసంతో మధ్యలోనే ఆగిపోయింది. తవిటయ్యకు భయమేసింది. మర్నాడే విశాఖపట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"ఇది కాలేయం జబ్బు కాదమ్మా," అన్నాడు డాక్టరు. "ఒళ్లంతటికీ ప్రాణవాయువు మోసేవి ఎర్రకణాలు. ఒంటిని కాపాడాల్సిన బలగమే వాటిని పరాయివనుకుని చంపేస్తోంది. అవి చితికితే వచ్చే పసుపే మీ కళ్లలో ఉంది. మందు మొదలుపెడతాం. అది పనిచేసేదాకా నిలవాలంటే రక్తం ఎక్కించాలి."

"అంటే నా ఇంటోళ్లని నేనే తరిమేస్తన్నానా?"

"కొత్తేటి?" అని గొణిగాడు తవిటయ్య.

కబురు తెలిసి, ఆమె కుదిర్చిన జంటలు ఆటోలెక్కి వచ్చేశాయి. ఒకరు ఫ్లాస్కులో టీ తెస్తే, ఇంకొకరు దుప్పటి తెచ్చారు. గ్రూపు కలిసినవాళ్ల రక్తం తీసుకుని ల్యాబులో గౌతమి అనే అమ్మాయి ఒక్కొక్కటే గున్నమ్మ రక్తంతో కలిపి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"గ్రూపు ఒకటే అయినా పడట్లేదండీ. ఈవిడ ఒంట్లోది అందరి ఎర్రకణాల మీదా తిరగబడుతోంది."

"అందరికీ కుదిర్చేవు, నీకొక్కటీ కుదర్లేదేటి పిన్నీ!" అంది, ఆమె పెళ్లి కుదిర్చినవాళ్లలో ఒకతె అయిన పైడితల్లి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

చివరికి, తనదీ అదే గ్రూపని తవిటయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నీదా? బాబోయ్, ఒంట్లో దూరి కూడా నసపెడతాది!"

సాయంత్రానికి గౌతమి మళ్లీ వచ్చింది. "పూర్తిగా కలిసింది ఒక్కటీ లేదండీ. కానీ అన్నిటిలో తక్కువ గొడవ పడుతోంది తవిటయ్యగారిదే. డాక్టరుగారు అదే ఎక్కించమన్నారు."

గదంతా ఘొల్లున నవ్వింది. అందరూ గున్నమ్మ వైపే చూశారు.

"ఏటి సూస్తారు? నా మాటే కదా!" అందామె, మొహం అటు తిప్పుకుని.

సిస్టరు రక్తం సంచి కింద గొట్టం సరిచేస్తూ, "ఇది చాలా మెల్లగా ఎక్కాలమ్మా" అంది.

"నువ్వు సెప్పక్కర్లేదమ్మా. ఈయన రక్తం కదా, మెల్లగానే వస్తాది. ఏనాడైనా తొందరపడ్డాడా!"

ఈసారి తిట్టు మధ్యలో ఆగలేదు. తవిటయ్య వరండాలోకి వచ్చి, చోడవరం వినాయకుడున్న దిక్కుకి తిరిగి చేతులు జోడించాడు. లోపల్నుంచి ఇంకో తిట్టు వినబడింది. నవ్వుకుంటూ లోపలికెళ్లాడు.