నూలు గ్లౌజుల మీద ఒక సమీక్ష

నాచారం పారిశ్రామికవాడలో మూతపడిన ఒక షెడ్డును కళాప్రదర్శనలకు అద్దెకిస్తారు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం పదకొండు గంటలకు ఉప్పల్ నుంచి అక్కడికి వెళ్లి, కాలేజీ పిల్లలకు సమకాలీన కళను చూడటం, చూసినదాని మీద సమీక్ష రాయడం నేర్పాను. చేరినవారు తొమ్మిదిమంది. నేను పెట్టిన నియమం ఒకటే: ముందు నలభై నిమిషాలు చూడాలి, ఆ తర్వాతే కలం పట్టాలి, గోడ మీది పరిచయవాక్యాన్ని అన్నిటికన్నా చివర చదవాలి. దాన్ని తుచ తప్పక పాటించినది ఒక్క అమ్మాయే.

జూన్ మొదటి ఆదివారం మేము చూసినది, పైకప్పు నుంచి దారాలతో వేలాడదీసిన మూడువందల పన్నెండు నూలు గ్లౌజులు. ఈ వాడలోని కార్మికులు వాడి పారేసినవని పరిచయవాక్యం చెప్పింది. నేను దాన్నే ముందు చదివాను. ఆ పూట డైరీలో ఒకటిన్నర పేజీ రాసుకున్నాను. పిల్లల సమీక్షల్లో ఉత్తమమైనదాన్ని ప్రదర్శన ముగిసేదాకా గోడకు పెడతానని ప్రకటించాను.

ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఆగింది. ఆమె తండ్రి ఇదే వాడలో ప్రెస్ మిషను నడుపుతాడు.

"సర్, నాది గోడకెక్కితే మా నాయినను తోల్కొస్త. ఆదివారం హబ్సిగూడల కోచింగుకు వోమంటుండు. ఒక్కపారి సూస్తే ఈడికి రానిస్తడు."

ఆమె ఒక పేజీ రాసింది. అల్లిక గ్లౌజుకు కుడి ఎడమలు ఉండవనీ, అరచేతి వైపు అరగగానే కార్మికులు దాన్ని తిప్పి రెండో చేతికి తొడుగుతారనీ, అందువల్ల వాడిన గ్లౌజు రెండువైపులా మాసి ఉంటుందనీ, తాను పరిశీలించిన నలభైకీ ఒకవైపే మరక ఉందనీ, వీటిలో ఎవరి చెయ్యీ దూరలేదనీ.

మరుసటి ఆదివారం ఆ పేజీని అందరి ముందూ పైకి చదివాను. నవ్వు రావలసిన చోట్ల ఆగాను.

"సమీక్ష రాయమంటే సరుకు చెక్ చేసినట్టుందమ్మా!"

"అక్కా, బిల్లు గిట్ల అడిగినవా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"సూడమన్నరు గద సర్. సూసిన," అందామె.

"చూడటం వేరు, తప్పులు వెతకడం వేరు. కళ ముందు కొంచెం వినయం ఉండాలి," అన్నాను.

ఇంకొకరి సమీక్షను ఎంచి గోడకు పెట్టాను. అందులో 'శ్రమ మౌనం' అన్న మాట నాలుగుసార్లు వచ్చింది.

గురువారం షెడ్డు తాళం కోసం వెళ్లినప్పుడు, గ్లౌజులను వేలాడదీసిన కళాకారుడి సహాయకుణ్ణి వాటి గురించి అడిగాను.

"కొత్తయే సార్. డజన్ల లెక్కన దెచ్చినం. గ్రీజు రాసి నేలకేసి రుద్దినం. పాతయి కంపు గొడ్తయి, ఎవరు ముట్టుకుంటరు?"

గోడ మీది పేజీకి ఉన్నవి నాలుగు పిన్నులు. మార్చడానికి నాకు మూడు రోజుల వ్యవధి ఉంది. మారిస్తే తొమ్మిదిమందికీ కారణం చెప్పాలి. మార్చలేదు.

ఆదివారం, కూతురు వద్దంటున్నా ఆ తండ్రి వచ్చాడు. గోడ మీది పేజీని వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.

"గిది మా బిడ్డ రాసిందేనా సార్?"

"కాదు. ఆమెది స్థాయికి రాలేదు."

ఆయన తల ఊపి గ్లౌజుల వైపు తిరిగాడు. చేతికి అందిన ఒక గ్లౌజును పట్టుకుని, వెనక్కి తిప్పి చూశాడు.

"ఏందిది? దీన్ని ఎవ్వరు దొడగనే లేదు."

"నేను గదే రాసిన నాయినా," అందామె.

ఇద్దరూ నా వైపు చూశారు. మిగతా ఎనిమిదిమంది కూడా చూస్తున్నారు.

"సమీక్ష అంటే అది కాదండీ," అన్నాను. "వాటిని ముట్టుకోవద్దు."

ఆయన గ్లౌజును వదిలేసి, చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. కూతురితో గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ, ఖాళీ షెడ్డులో అందరికీ వినబడింది.

"ఇన్నవు గద. సదువుకున్న సార్ కంటె నీకెక్కువ ఎర్కనా? నీతోని గాదంటున్నరు. ఇంగ ఆదివారం కోచింగుకు వో."

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"సార్‌కు నమస్తె వెట్టు," అన్నాడాయన.

పెట్టింది.