రామతులసి ఆడిన అబద్ధం

పెద్దాపురంలో నూట ఎనిమిది అంబులెన్సు మీద పనిచేసే రామతులసి గాజులు వేసుకోదు, గోళ్లు మాంసం దాకా కత్తిరించుకుంటుంది. నాడి చూసేటప్పుడు పక్కన ఎవరు గుండెలు బాదుకుంటున్నా తలెత్తదు. ట్రైనింగులో రబ్బరు బొమ్మ ఛాతీ నొక్కుతూ నేర్చుకున్నవాటిలో ఆమె మనసుకి బాగా పట్టింది ఒకటే: పేషెంటుకి అబద్ధం చెప్పకూడదు. "బతుకుతానా అమ్మా?" అని అడిగితే, "చెప్పలేనండి, నేను మాత్రం వదలను" అంటుంది.

2007 ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం సామర్లకోట రోడ్డులో చెరకు ట్రాక్టరు ఇద్దరు అన్నదమ్ముల మోపెడ్‌ని గుద్దేసింది. అన్న సత్తిబాబుకి తొడ విరిగి నెత్తురు కారిపోతోంది. తమ్ముడి మెడ మీద వేళ్లు పెట్టి, కళ్లలోకి టార్చి వేసి చూసింది రామతులసి. ప్రాణం లేదు. "నాకేం కాలేదండి, ముందు మా తమ్ముణ్ణి ఎక్కించండి" అంటూ సత్తిబాబు తమ్ముడి చొక్కా వదల్లేదు, కట్టు కట్టనివ్వలేదు. ఇంకాసేపు పెనుగులాడితే అతనూ దక్కడు. ఆమె తమ్ముణ్ణి అంబులెన్సులో పక్క బెంచీ మీద పడుకోబెట్టించి, మొహానికి ఆక్సిజన్ మాస్కు తగిలించింది. అప్పుడు గానీ సత్తిబాబు స్ట్రెచర్ ఎక్కలేదు. కాకినాడ దాకా ఒకటే ప్రశ్న: "గాలి అందుతోందాండీ?" కట్టు మీద చెయ్యి తియ్యకుండానే, అడిగినప్పుడల్లా "అందుతోందండి" అని చెప్పింది. సత్తిబాబు బతికాడు. నాలుగో రోజు వార్డుకి వెళితే, "మీకు అక్కడే తెలుసు కదండీ" అన్నాడు. "తెలుసండి" అంది. అతను మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. రామతులసి దుప్పటి కాస్త తొలగించి, నెత్తురు ఆడుతోందా అని అతని కాలివేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టుకు చూసి, మళ్లీ కప్పి, డ్యూటీకి వెళ్లిపోయింది.