కిరసనాయిలు తువ్వాలు

నా చిన్నప్పుడు కలకత్తాలో మా వరస ఇళ్లలో ఎవరికి దురద పుట్టినా ఒకటే ట్యూబు. మురుగు కాలవల్లో పనిచేసే తెలుగువాళ్ల ఇళ్లు మావి. ఆ ట్యూబు ఇచ్చేది సందు మొదట్లో మందుల షాపు నడిపే మనిషి. అందరం దాదా అనేవాళ్లం, బెంగాలీలో అన్న అని. డాక్టరు కాదు, డాక్టరు దగ్గర పనిచేసినవాడూ కాదు. తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది.

మురుగులో దిగి దిగి మా నాన్న చేతులకీ కాళ్లకీ తామర పట్టింది. ఆ ట్యూబు రాస్తే రెండు రోజులు తగ్గేది, ఆపగానే రెట్టింపయ్యేది. ముక్కు దిబ్బడకి చుక్కల మందూ దాదాయే ఇచ్చాడు. కొద్దిరోజులకి మించి వాడకూడదని మాత్రం చెప్పలేదు. నాన్న నెలల తరబడి వేసుకున్నాడు.

నాన్న పనేమిటంటే, మ్యాన్‌హోల్ మూత తీశాక కాసేపు ఆగి, అంచున కూర్చుని, విషవాయువు ఉందేమోనని లోపలి గాలి వాసన చూడడం. ఆయన తలూపితేనే మిగతా నలుగురూ దిగేవారు. అందులో ఒకరు మా మేనమామ. వాళ్లకి ఏ యంత్రమూ ఇచ్చిన పాపాన పోలేదు పైవాళ్లు. మనిషి ముక్కునే నమ్ముకోమన్నారు.

ఒకరోజు పాడైపోయిన చేపల పులుసు నాన్న మారుమాట్లాడకుండా తినేశాడు. మా మామ్మ అది కనిపెట్టింది. మర్నాడు పొద్దున ఆయన తువ్వాలుకి కాస్త కిరసనాయిలు అద్ది చేతికిచ్చింది. గుమ్మంలో ఉన్న నాకే గుప్పుమంది. నాన్న మాత్రం దాంతోనే మొహం తుడుచుకుని భుజాన వేసుకున్నాడు.

"నీ ముక్కు సచ్చిపోనాదేటిరా?" అంది మామ్మ.

"సెప్తే పనిలోంచి తీసేత్తారమ్మా."

"అయితే నలుగుర్ని సంపేత్తావేటి?" అంటూ చెంప మీద కొట్టింది.

మొదట నాకు మామ్మ మీద కోపం వచ్చింది. తర్వాత మామయ్య గుర్తొచ్చాడు. అంతే, నాన్న మొహం చూడబుద్ధి కాలేదు.

మామ్మ ఆయన్ని ఆ నలుగురి ముందుకీ తీసుకెళ్లి, ఆయన నోటితోనే చెప్పించింది. అటునుంచి అటే ఆసుపత్రికి. ట్యూబు చూసి డాక్టరు మండిపడ్డాడు. తామరని తగ్గించేది కాదు, పెంచేదన్నాడు. వేరే పూతమందు రాసిచ్చి, ఎవరి తువ్వాలు వాళ్లు వాడుకోమన్నాడు. వాసన పోయింది నెలల తరబడి వేసుకున్న చుక్కల వల్లేనని, అవి మాన్పించి ముక్కుకీ వేరే మందిచ్చాడు. చర్మం బాగుపడింది కానీ వాసన సగమే తిరిగొచ్చింది. నాన్న రిటైరయ్యేదాకా రోడ్లు ఊడ్చాడు.

మొన్న జ్వరం తగ్గాక నాకూ వాసన పోయింది. మా అబ్బాయి షాపులో అడిగి చుక్కల మందు తెస్తే విసిరికొట్టాను. ఆ తర్వాత కోడల్ని పిలిచాను. "నా ముక్కు పన్జెయ్యట్లేదమ్మా. గేసు లీకైనా నాకు తెలవదు. పొయ్యి నువ్వే సూసుకో" అన్నాను. ఆ మాట చెప్పాకే డాక్టరు దగ్గరికి బయల్దేరాను.