శివారు తోటకు ఆరు గంటల నీరు

మార్చి రెండు, ఆదివారం. హాజరు: నేను, మా ఆవిడ, మా చెల్లెలు, చెల్లెలి భర్త బావగారు. హాజరు కానివి: కొంగలు రెండు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ఆ కొంగలు ఎందుకు లేవో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పోయిన ఏడాది నా మోకాలికి ఆపరేషన్ అయింది. డాక్టరు రెండు నెలలు గడప దాటవద్దన్నాడు. కొత్తపేటలో టీచరుగా పనిచేసే మా అమ్మాయి, తను ఆడుకునే చిన్న గేమ్ మెషీన్ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండు అరచేతులు కలిపినంత ఉంటుంది. తెర మీద ఒక బీడు భూమి ఇస్తారు. దాన్ని బాగుచేసి, మొక్కలు వేసి, చెరువు తవ్వితే, మన ఏర్పాట్లు నచ్చిన జీవాలు వాటంతటవే వచ్చి కాపురం పెడతాయి. తిండి పెట్టాలి, గూడు కట్టించాలి. జత కుదిరితే గుడ్లు పెడతాయి. మన గడియారమే దాని గడియారం. మెషీన్ మూసేసి మనం నిద్రపోయినా అక్కడ పొద్దు పొడుస్తుంది, నీరు లేకపోతే మొక్క వాడుతుంది.

నేను ముప్పై నాలుగేళ్లు కాలువల శాఖలో పనిచేశాను. లస్కరుగా చేరాను. ఏ తూము తలుపు ఎన్ని గంటలకు ఎత్తాలి, ఎన్ని గంటలకు దించాలి, ఎవరి వంతు ఎప్పటితో పూర్తవుతుంది, ఇదే నా ఉద్యోగం. అందుకని ఆ బీడు చూడగానే మొక్క వేయలేదు. ముందు కాలువ తవ్వాను.

బావగారికి ఐ.పోలవరం వైపు కాలువ చిట్టచివర ఎకరంన్నర చేను ఉంది. అలాంటి పొలాలను శివారు అంటాం. పైవాళ్లందరూ తడుపుకున్నాక మిగిలిన నీరే వాటికి. ప్రతి ఆదివారం ఆయనా మా చెల్లెలూ స్కూటరు మీద మా ఇంటికి భోజనానికి వస్తారు. నా తోట చూసి ఆయనకూ సరదా పుట్టింది. ఒకే మెషీనులో రెండు తోటలు పెట్టుకునే వీలుంది. మధ్యలో గోడ, గోడకు ఒక తలుపు. ఏరు నా తోటలోకి వస్తుంది. ఆ తలుపు ఎత్తితేనే ఆయన తోటకు నీరు వెళుతుంది. ఇది నా ఏర్పాటు కాదు, ఆటలోనే అలా ఉంది.

"ఇక్కడా నేను శివారేనాండీ బావగారూ!" అన్నారాయన మొదటి రోజే.

వారంలో ఆరు రోజులు ఆయన తోటకు నీరు పెట్టేది నేనే. ఆయన అందులో ముంగిసలాంటి జంతువును ఒకదాన్ని పెంచారు. అది పొద్దున్న ఆరింటిదాకా బొరియలో నిద్రపోతుంది. తలుపు తెరిచి ఉంటే నీటితోపాటు జంతువులూ ఇటూ అటూ తిరుగుతాయి గనక, నేను రోజూ ఐదింటికి తలుపు ఎత్తి, ముంగిస లేచేలోపు దించేసేవాణ్ణి.

ఎందుకంటే నా వైపు కొంగలున్నాయి. నీలం రెక్కలు, ఎర్ర ముక్కు. మొదటి కొంగ రావడానికి యాభై మూడు రోజులు పట్టింది. చెరువులో పన్నెండు చేపలుండాలి, ఒడ్డున రెల్లు ఉండాలి, దగ్గర్లో మిరప మొక్క ఉండకూడదు. ఇవేవీ ఎవరూ చెప్పరు. అది గోడ మీద వాలి, నా చెరువు వంక చూసి, నచ్చక ఎగిరిపోయిన ప్రతిసారీ మర్నాడు ఏం మార్చానో డైరీలో రాసుకుంటూ తెలుసుకున్నాను. మరో పద్దెనిమిది రోజులకు రెండోది వచ్చింది. గూడు కట్టాయి. సోమవారం గుడ్డు పెడుతుందనగా, ముందు రోజు ఆదివారం, భోజనాలయ్యాక బావగారు వరండాలో పడక కుర్చీలో మెషీన్ పట్టుకుని కూర్చున్నారు. నేను పక్కనే పేపరు చూస్తున్నాను.

మూడూ ఇరవైకి మెషీన్లో ఏదో కీచుమంది.

"అరెరే" అన్నారు బావగారు.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ. ముంగిస మీ వైపు వెళ్లింది."

"తలుపు ఎవరెత్తేరు?"

"ముంగిస కదండీ బావగారూ, దానికేం తెలుసు."

మెషీన్ లాక్కుని చూశాను. గూటి దగ్గర నీలం ఈకలు నాలుగు. రెండో కొంగ గోడ మీద ఒక్క క్షణం నిలబడి, నేను చూస్తుండగానే ఎగిరిపోయింది. ముంగిస నా రెల్లులో కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

"మీరు చూసుకుంటారనుకున్నానండీ. తలుపులు దించడంలో మీ అంతవారు ఈ డెల్టాలో లేరు కదాండీ!" అని ఆయన నవ్వారు.

"ఊరుకోండి మీరు" అంది మా చెల్లెలు.

"బొమ్మ కొంగ కోసం మొహం అంత మాడ్చుకోవాలా?" అంది మా ఆవిడ.

అది బొమ్మేనని నాకూ తెలుసు. డెబ్బై ఒక్క రోజుల నా రాత బొమ్మ కాదు. ఆయన అన్న మాట, నవ్విన నవ్వు, అప్పుడైన సమయం అన్నీ ఆ సాయంత్రం రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

నీటి మనిషికి పగ తీర్చుకోవడం తేలిక. ఏమీ చేయక్కర్లేదు.

సోమవారం ఐదింటికి అలవాటుగా మెషీన్ తెరిచాను. నా కాలువలు నింపుకున్నాను. గోడ తలుపు ముట్టుకోలేదు. "బావగారి తోటకు నీరు: లేదు" అని రాశాను. మంగళవారం కూడా లేదు. ఆయన జామ మొక్క ఆకులు వేలాడేశాయి. బుధవారం బంతిపూలు తలలు వంచాయి. ఆ రోజే ఆయన ఫోను చేశారు.

"తోట ఎలా ఉందండీ?"

"చూస్తున్నానండీ" అన్నాను. అబద్ధం కాదు. రోజూ అరగంట అదే పనిగా చూస్తున్నాను.

"ఆయ్. మీరుండగా నాకేం బెంగండీ."

గురువారం ఆయన కప్పలు మూడూ ఒకదాని వెనక ఒకటి గోడెక్కి వెళ్లిపోయాయి. శుక్రవారం కుందేళ్లు వెళ్లాయి. శనివారానికి నేల నెర్రెలిచ్చింది. ముంగిస మాత్రం మిగిలింది. నా కొంగను తిన్న బలం మరి. అది రోజంతా గోడ తలుపు దగ్గరే కూర్చునేది. దాన్ని చూస్తూ తాగిన కాఫీ అంత రుచిగా ఈ మధ్య ఎప్పుడూ లేదు. ఈ మాట కూడా డైరీలో ఉంది.

ఇక మార్చి రెండు. ఆ ఆదివారం నేను త్వరగా తిని, వరండాలోకి వచ్చి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి మెషీన్ తీశారు. అరుస్తారని చూశాను. కనీసం నన్ను ఒక మాట అంటారని చూశాను. వారం రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఆయన అరవలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇలా రా" అని మా చెల్లెల్ని పిలిచారు. "చూసేవా? ఆ ఏడు మన చేను అచ్చం ఇలాగే ఉంది."

చెల్లెలు తెరలోకి చూసింది. తర్వాత నా వంక చూసింది.

ఆ ఏడు అంటే ఇరవై రెండేళ్ల కిందటి దాళ్వా, రెండో పంట. పంట పొట్టమీద ఉంది, ఆఖరి తడి. బావగారి చేను గింజ పట్టక తాలు పోయింది. శివారు వంతు సాయంత్రం ఆరింటిదాకా ఉండగా నేను మధ్యాహ్నమే తూము తలుపు దించేశానని ఆయన అప్పట్నుంచీ అంటూనే ఉన్నారు. ఆరింటికే దించానని నేనూ అంటూనే ఉన్నాను.

"కొంగని కావాలనే తినిపించేరు కదండీ?" అన్నాను.

"కావాలనేనండీ. మీరు ఇరవై రెండేళ్ల కిందట దించేరు, నేను పోయిన ఆదివారం ఎత్తేను."

"నేను ఆరింటికి దించేను."

"పన్నెండుకి నీళ్లాగిపోయేయండీ. గట్టు మీద నిలబడి చూసేను నేను."

"డైరీ ఉంది నా దగ్గర."

"ఆయ్. తీయండి మరి."

ఇన్నేళ్లలో నేను ఆ పుట తీసి చూడలేదు. తెలిసిన విషయానికి రుజువు వెతుక్కోవడమెందుకని. లోపలి గదిలో బీరువా తెరిచి, ఆ సంవత్సరం డైరీ లాగి, అక్కడే నిలబడి చదివాను. నా చేతిరాతే. నాలుగు పంక్తులు. రెండుసార్లు చదివాను. తర్వాత వరండాలోకి వచ్చి, మొదటి పంక్తి మాత్రం గట్టిగా చదివాను.

"శివారు వంతు: సాయంత్రం ఆరు వరకు."

"తరవాతండీ?" అన్నారు బావగారు.

"తరవాత అక్షరాలు అలుక్కుపోయేయండీ."

"మీ డైరీలో అక్షరాలు అలుక్కుపోవడమా!" అంటూ మా ఆవిడ నా చేతిలోంచి డైరీ తీసేసుకుంది. ఆమెకు నా రాత నలభై ఏళ్లుగా పాల లెక్క నుంచి మందుల చీటీ దాకా అన్నీ చదివి అలవాటు. తడుముకోకుండా చదివేసింది. "తలుపు దించినది: మధ్యాహ్నం పన్నెండు. కారణం: పలివెలలో గృహప్రవేశం భోజనం. పనసపొట్టు కూర బాగుంది."



ముందు నవ్వింది మా చెల్లెలు. "పనసపొట్టు కూర బాగుందా అన్నయ్యా?" అంది. నవ్వుతున్నదల్లా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ ఏడు పంట పోయాక వాళ్లు పొలం కౌలుకిచ్చి, రెండేళ్లు అంబాజీపేటలో కొబ్బరి వలిచే కొట్టులో పనికి వెళ్లారు. అది నాకు తెలియని సంగతి కాదు.

బావగారు నవ్వలేదు. "ఆరు గంటలండీ" అన్నారు. మెషీన్ మూసి స్టూలు మీద పెట్టి, చెప్పులేసుకుని, స్కూటరు తీశారు. ఎప్పుడూ నాలుగున్నరకు టీ తాగి వెళ్లేవాళ్లు ఆ రోజు మూడు కాకుండానే వెళ్లిపోయారు.

"వచ్చే ఆదివారం రారు చూడండి" అంది మా ఆవిడ.

నేను తప్పు చేశాను. ఆ సాయంత్రం డైరీలో ఆ మాట అలాగే రాశాను. దాని కిందనే, కొంగ సంగతి దీంతో చెల్లదు, అని కూడా రాశాను. చేను చేనే, కొంగ కొంగే. ఆ ఏటి తూము గురించి నా మీద పగ ఉంటే ఆయన నన్ను తిట్టాల్సింది, కొట్టాల్సింది. గుడ్డు పెట్టబోయే పక్షి ఏం చేసింది?

మర్నాడు సోమవారం ఐదింటికి మెషీన్ తెరిచి, గోడ తలుపు ఎత్తాను. నా కాలువలన్నీ కట్టేసి ఏరు మొత్తం ఆయన వైపు వదిలాను. నీరు నెర్రెల్లోకి దిగుతుంటే నేల రంగు మారడం కనబడింది. ఆరింటికి ముంగిస లేచింది. తలుపు తెరిచి ఉండడం చూసి నా వైపు వచ్చి, చెరువులో నీళ్లు తాగి, పాడుపడిన గూటి దగ్గర పడుకుంది. నేను వెళ్లగొట్టలేదు. ఏడింటికి టిఫిను కూడా మెషీన్ పక్కన పెట్టుకునే తిన్నాను. తొమ్మిదింటికి ఆయన జామ మొదట్లోకి నీరు చేరింది. పదిన్నరకు చివరి మడి తడిసింది. సరిగ్గా పదకొండుకు తలుపు దించాను. ఆరు గంటలు. ఒక్క నిమిషం తక్కువ ఇవ్వలేదు, ఒక్క నిమిషం ఎక్కువా ఇవ్వలేదు.

దించేటప్పటికి ముంగిస నా వైపే ఉంది. చూసే దించాను.

బావగారికి ఫోను చేశాను.

"మీ తోటకి ఆరు గంటలు నీరిచ్చేనండీ. పదకొండుకి దించేను."



"ఆయ్" అన్నారు. తర్వాత, "ముంగిస బతికుందాండీ?" అన్నారు.

"బాగుందండీ. నా వైపుంది."

"మీ వైపెందుకుందండీ?"

"ముంగిస కదండీ బావగారూ, దానికేం తెలుసు" అని ఫోను పెట్టేశాను.