వెల్వెట్ మీద చెయ్యి

రెండు పూసలు దగ్గరకు రావాలి. నాకు కావలసింది అంతే. శుక్రవారంలోగా వాటి మధ్య బలాన్ని కొలిచి చూపించకపోతే పరిశోధనాంశమే మార్చేస్తానని మా గైడు తేల్చి చెప్పేశారు. రెండేళ్ల పని గంగలో కలిసినట్టే.

లిక్విడ్ క్రిస్టల్ ద్రవమే గాని, అందులో అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. కంటికి ఆనని పూసలు వేస్తే ఆ వరస చెదురుతుంది. ఆ చెదరడం తగ్గేలా పూసలు జరుగుతాయి. చూడ్డానికి ఒకదాన్నొకటి లాక్కున్నట్టే ఉంటుంది. నావి మాత్రం పక్కన వరస తెగినచోట పడ్డ ఏదో గీతకు పోయి అతుక్కునేవి. మైక్రోస్కోపు ముందు కాళ్లు ఆడిస్తూ, గోళ్లు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని.

అణువులు వరసగా నిలవాలంటే గాజుపలకకు పాలిమర్ పూత పూసి, వెల్వెట్‌తో ఒకే వైపుకు రుద్దాలి. ఆ వెల్వెట్ మా నాయన బట్టల అంగడిదే. తప్పు గుడ్డదేనని తీర్మానించేసుకున్నాను. బుధవారం సాయంత్రం ల్యాబు దగ్గరి పిళ్ళైచావడిలో బస్సెక్కి, టౌన్‌లో దిగుతూనే అంగడికి పోయి, బేరానికి వచ్చినవాళ్ల ముందే అరిచాను.

"నీ గుడ్డ సరిలేదు నాయనా! పోగులు రాలతా ఉండాయి."

ఆయన కొత్త తానులోంచి మూరెడు కత్తిరించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున దాంతోనూ అదే గతి. ఏడుపు తన్నుకొచ్చింది. మళ్లీ పలక రుద్దుతుంటే నా చెయ్యి నా కంటబడింది. ముందుకొకసారి, వెనక్కొకసారి. వెల్వెట్‌ను ఒక వైపు నిమిరితే లేతగా, ఇంకో వైపు నిమిరితే ముదురుగా కనిపిస్తుంది. కొనేవాళ్లకు రెండూ చూపించాలని, పదేళ్లప్పుడు నా చెయ్యి పట్టుకుని నాయనే నేర్పాడు. ఒకే వైపు రుద్దాలని నాకు తెలుసు, నా చేతికి తెలియదు.

పళ్లు బిగబట్టి ఒకే వైపుకు రుద్దాను. గీతలు పోయాయి. మధ్యాహ్నానికి రెండు పూసలు మెల్లగా జరిగి పక్కపక్కన నిలిచాయి. అవి జరిగిన వేగాన్నిబట్టి బలం లెక్క తేలింది.

సాయంత్రం అంగడికి పరుగెత్తి, నవ్వుతూ అంతా చెప్పేశాను. నాయన నవ్వలేదు.

"అయితే నేను నేర్పిందే నీకు అడ్డమొచ్చిందా మా?"

నిన్న అరిచినప్పుడు కూడా ఆ ముఖం అలా వాడిపోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో బేరానికొచ్చిన ఒకామె వెల్వెట్ చూపించమంది. నాయన చెయ్యి గుడ్డ మీద ఒకసారి ముందుకు పోయి, ఆగిపోయింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి నిమిరించాను.