ఆరిపోవలసిన సిగరెట్టు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను సిగరెట్లు ముట్టించి జీతం తీసుకున్నాను. ఈ మాట ఎవరూ నమ్మరు. పొంగిన వాగును తువ్వాలు అడ్డం పెట్టి ఆపానంటే తలూపినవాళ్లు కూడా దీనికి మాత్రం నవ్వుతారు. నా భార్య అప్పట్లోనే నమ్మలేదు. సాయంత్రం గడప దాటకముందే చొక్కా వాసన చూసి, "పనికి పోయొచ్చినవా, పత్తాలాడొచ్చినవా?" అని పేకాట అంటగట్టేది.

పని నిజమే. నారాయణపేట నుంచి కోస్గి పోయే దారిలో ఒక సేటు చిన్న కార్ఖానా పెట్టాడు. హైదరాబాదులో రసాయనశాస్త్రం చదివిన మనిషి. పొగాకు చుట్టే పలుచని కాగితాన్ని బయటినుంచి తెప్పించి దానిమీద ప్రయోగాలు చేసేవాడు. ఆ కాగితం ఎంత పలుచనంటే, పైన చీమ నడుస్తుంటే కింద పడుకుని దాని కాళ్లు లెక్కపెట్టవచ్చు. తాగేవాడు మరిచిపోయి పక్కన పడేస్తే తనంతట తానే ఆరిపోయే సిగరెట్టు తయారుచేయాలని ఆయన పట్టుదల. మా వైపు ఎండాకాలంలో ఒక్క పీక చాలు, వాములోని జొన్నసొప్పంతా బూడిదవుతుంది. అందుకని కాగితం మీద అక్కడక్కడా అడ్డంగా గంజి పట్టీలు పూయాలి. పట్టీ దగ్గర కాగితానికి గాలి ఆడదు. దమ్ము లాగితే నిప్పు దాన్ని దాటుతుంది, లాగకపోతే అక్కడే చస్తుంది.

గంజి సమంగా పూయాలంటే నేతగాడే కావాలి. మా బావ, అంటే మా అక్క భర్త, వీధి పొడవునా పడుగు దారాలు చాపి కుంచెతో గంజి పట్టించిన మనిషి. చీరలకు గిరాకి తగ్గిన రోజులు. మగ్గం విప్పి అటకెక్కించి ఆ పనికి కుదిరాడు. వెంట నన్నూ తీసుకుపోయాడు. ఆయన పట్టీలు పూసిన కాగితంతో చుట్టిన సిగరెట్టును ముట్టించి పళ్లెంలో పెట్టి, ఆరిందా లేదా అని గుడ్లప్పగించి చూడడమే నా ఉద్యోగం.

మొదట్లో బాగానే ఆరాయి. తర్వాత కొన్ని ఆరేవి, కొన్ని చివరిదాకా కాలి పళ్లెంలో బూడిద గీతగా మిగిలేవి. మనిషి అదే, కుంచె అదే, కాగితం అదే. సేటుకు అనుమానం పుట్టింది. ఇలాంటి కాగితం కోసమే తంటాలు పడుతున్న ఇంకో కంపెనీవాళ్లు మాలో ఒకణ్ణి కొన్నారని ఆయన లెక్క. పోయేటప్పుడు వాచ్‌మన్ మా టిఫిన్ డబ్బాలు తెరిపించేవాడు. ఆ వాచ్‌మన్‌ను సేటు కిటికీలోంచి కనిపెట్టేవాడు. సేటును నేను కనిపెట్టేవాణ్ణి. మమ్మల్ని వెళ్లగొట్టడానికి ఆయనే ఏదో కలుపుతున్నాడేమో, ఎవరికి తెలుసు?

మొదట్లో గంజి రోజూ బావే కార్ఖానా పొయ్యిమీద కాచేవాడు, తర్వాత కొన్ని రోజులు అక్క ఇంట్లో కాచి పంపేది. ఆ తేడాను సేటు పట్టుకున్నాడు. ఒకరోజు అందరి ముందూ బావను నిలబెట్టాడు.

"ఇంటి గంజి వచ్చిన రోజే కాల్తున్నయ్. ఎవరిచ్చిన మందు కలుపుతున్నవ్?"

"పిండి, నీళ్లు. ఇంకోటి కలిపితే నా చెయ్యి పడిపోవాలె సేట్."

"దొంగోనికి ఈడ పని లేదు. రేపటిసంది రాకు."

బావ ఇల్లు చేరేలోపే ఆ మాట మా వీధికి చేరింది. మళ్లీ మగ్గం బిగించమని అక్క అంటే, "దొంగ నేసిన చీర ఎవలు కడ్తరే?" అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ బావ మీద సగం అనుమానం ఉంది. ఆ సగంతోనే, ఆరకుండా కాలిన రకం కాగితం ముక్కను ఎండకు ఎత్తి చూశాను. పట్టీ నిగనిగలాడుతోంది, మిర్చిబజ్జీలు కట్టిన కాగితంలా. అక్క ఇంటికి పోయాను. పక్కింటివాళ్ల పడుగు కోసం గంజి కాస్తోంది. నన్ను చూడగానే అందుకుంది. "పెద్ద నౌకరి అని నిన్ను గూడ తీస్కపోయె గద రా! నువ్వు మంచిగనే ఉన్నవ్, ఆయన ఇజ్జత్ పాయె!" తిడుతూనే ఎడమచేత్తో గూట్లోని నూనె సీసా అందుకుని నాలుగు చుక్కలు గంజిలో వంచి, మళ్లీ గూట్లో పెట్టేసింది. చూపు నామీదే ఉంది.

"గదేందక్క?"

"ఏది?"

"నూనె పోస్తివి గద."

"నేనెప్పుడు పోసిన? కండ్లు కనిపిస్తలేవా నీకు?"

ఆమె అబద్ధమాడలేదు. పడుగు దారం పెళుసెక్కకుండా గంజిలో నూనె చుక్కలు వేయడం మా ఇళ్లలో ఉన్నదే. ఆ చేతికి అది చిన్నప్పటి అలవాటు, చెప్పకుండానే చేస్తుంది. దారానికి మేలుచేసే ఆ నూనే నిప్పుకు మేత. కార్ఖానాలో నూనె సీసా లేదు, కాబట్టి బావ కాచిన గంజిలో నూనె పడలేదు.

సేటుకు చెప్పాను. "వాగును తువ్వాలుతోటి ఆపినోనివి నువ్వే గద?" అన్నాడు. అయినా అక్క ఇంటికి వచ్చాడు, బావనూ నన్నూ ఒకేసారి పట్టుకోవచ్చని. పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. అక్క కొంగు నిండుగా కప్పుకుని, పిండి, నీళ్లు, గరిటె తప్ప దేన్నీ ముట్టలేదు. గంజి ఉడికింది. నూనె ఊసే లేదు. సేటు నావైపు చూసిన చూపుకు పచ్చి కట్టెలైనా అంటుకునేవి. బావ తల ఇంకా కిందికి దిగింది.

అప్పుడు తట్టింది: నోరు పనిలో ఉంటేనే మా అక్క చెయ్యి తన పని తాను చేసుకుంటుంది.

"ఎంతైనా, బావా, మీ అమ్మ కాచిన గంజే గంజి. ఒక్క ఉండ ఉండకపోయేది" అన్నాను.

"ఏమంటివిరా?" అక్క కొంగు జారింది. "ఆమె గంజిల ఉండలుండవా? నేను కాపురానికొచ్చిన తెల్లారి ఆ ఉండలు పిసికి పిసికి నా చేతులు పోయినయ్! అడుగు మీ బావను, నోరుంటే చెప్తడు!" ఎడమచెయ్యి గూట్లోకి పోయింది. సీసా వంగింది.

"ఆగు!" అని సేటు పీటమీంచి లేచాడు.

అక్క తన చేతిని, ఎవరిదో అన్నట్టు చూసింది. "ఓయమ్మా" అని కూలబడింది. సేటు పగలబడి నవ్వాడు. "రేపు పనికి రా" అని బావ భుజం తట్టి వెళ్లిపోయాడు. బావ మాత్రం నవ్వలేదు.

తెల్లవారి పనికి పోతే బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. వాచ్‌మన్ రమ్మన్నా కదలలేదు. చివరికి సేటే బయటికి వచ్చాడు.

"ఇంకేంది? లోపలికి రా."

"అందరి ముంగట దొంగ అంటివి సేట్."

సేటు అటూ ఇటూ చూశాడు. పనివాళ్లందరూ చేతిలో పని ఆపి నిలబడ్డారు. "ఈయన తప్పేం లేదు" అని గొణిగాడు.

"వెనకోళ్లకు ఇనపడలే."

సేటు గొంతు సవరించుకున్నాడు. "ఈయన ఏం కలపలేదు. నేనే తప్పు మాట అన్న."

బావ చెప్పులు విడిచి, కాళ్ల దుమ్ము దులుపుకుని లోపలికి పోయాడు.